మధ్యమపురుష విచారము

పాఠశాలలలో నాంగ్లవ్యాకరణము చదువు బాలునకు మొట్టమొదట గలుగు భ్రాంతి పురుషల పేరులంబట్టి కలుగునదియే. ఆంగ్లేయులు ‘ఫస్ట్ పర్సన్’ అనుదానిని బాలుడు మాటకు మాటగా ‘ప్రథమపురుష’ యని తెనిగించును. అది తప్పు. ఆంగ్లేయుల మొదటి పురుష సంస్కృతవైయాకరణుల యుత్తమపురుష. వారి మూడవ పురుష వీరి ప్రథమపురుష. లెక్కలు రెండును తలక్రిందులుగా నున్నను, నడుమనున్న దొక్కటి మాత్రము రెంటను స్థానము తప్పలేదు. వారి ‘సెకండ్ పర్సన్’ వీరి మధ్యమపురుషయే. ముందునుండి యెంచినను వెనుకనుండి యెంచినను మూడింటిలో రెండవది నడుమనే యుండును గదా. అయితే పేరు సరిపోయినట్లు పనియు నంతటను సరిపోవుచున్నదా యనునది విచారింపవలసిన విషయము.

ఈ విచారమునకు నిదర్శనములు వెదకుటకై దూరము పోనక్కఱలేదు. చిత్తూరు సీమలోని మదనపల్లెయందు 1919వ సంవత్సరమున రవీంద్రనాథ ఠాకూరు తన గీతమును వంగభాషనుండి తానే యాంగ్లీకరించినపుడు ఈ మధ్యమపురుష సర్వనామమే యా యనువాదమునకు మొదటి పదమయ్యెను. ఆ సీమకే దక్షిణపు కొననున్న కుప్పమునందు తెనుగు, అరవము, కన్నడము మూడును నొక్క యంగడివీథిలో వినబడును. అచట నొకే సర్వనామము ఒక చెవికి మన్ననగాను, మఱియొక చెవికి చులకనగాను దోచుటకు వీలున్నది. ఈ రెండు తావులను ఆశ్రయించి మధ్యమపురుషయొక్క యర్థమును, ఆంగ్లమున దాని ప్రయోగమును ఈ వ్యాసమున నిరూపింపబడును.

మొదట లక్షణము. క్రీస్తునకు బూర్వము రెండవ శతాబ్దియందలి గ్రీకు వైయాకరణుడు డయొనీసియసు థ్రాక్సు పురుషలను మాటాడువానింబట్టి విభజించెను. ఎవనినుండి మాట వెలువడునో యతడు మొదటివాడు, ఎవనితో మాటాడబడునో యతడు రెండవవాడు, ఎవనిగూర్చి మాటాడబడునో యతడు మూడవవాడు. లాటిను వైయాకరణులు ఇందులకు వాడిన ‘పెర్సోనా’ యను పదమునకు నాటకమున వేషధారి ధరించు ముసుగు అని యర్థము. ఆంగ్లేయుల ‘పర్సన్’ దానినుండి వచ్చినదే. కావున వ్యాకరణమునందలి పర్సన్ మనుష్యుడు కాడు, పాత్రము. రాతినైనను, నదినైనను, మృతునైనను సంబోధించినచో ఆ వస్తువు మధ్యమపురుష యగును. మాటాడువాడు ఊరకుండి యెదుటివాడు మాట యందుకొన్నంతనే పాత్రములు తాఱుమాఱగును.

పాణిని మార్గము వేఱు. అష్టాధ్యాయియందు ప్రథమాధ్యాయ చతుర్థపాదమున 105వ సూత్రము మధ్యమపురుషను విధించుచున్నది. తిఙ్ప్రత్యయము చెప్పు కారకమునే యుష్మచ్ఛబ్దమును చెప్పుచున్నపుడు, ఆ శబ్దము ఉచ్చరింపబడినను ఉచ్చరింపబడకున్నను, మధ్యమపురుష వచ్చునని దాని తాత్పర్యము. 107వ సూత్రము అస్మచ్ఛబ్దయోగమున నుత్తమపురుషను, 108వది మిగిలినచోట ప్రథమపురుషను విధించును. ఇచట రెండంశములు గమనింపదగినవి. గ్రీకులు ఎదుటివాడను నర్థమునుబట్టి లక్షణము చెప్పిరి. పాణిని యుష్మత్తను శబ్దమునుబట్టి చెప్పెను. ఇది మొదటి యంశము. సర్వనామము పలుకబడకున్నను క్రియయే పురుషను దెలుపునని యంగీకరించుట రెండవది.

మొదటి యంశమువలన గలుగు ఫలము గొప్పది. ‘భవత్’ శబ్దముతో నెదుటివానినే పిలుచుచున్నను అది యుష్మచ్ఛబ్దము కాదు. అందుచే ‘త్వం గచ్ఛసి’ యని మధ్యమపురుషయు, ‘భవాన్ గచ్ఛతి’ యని ప్రథమపురుషయు వచ్చును. ‘భవాన్ గచ్ఛసి’ యనుట దోషము. అర్థమున మధ్యముడైనవాడు శబ్దమున ప్రథముడగుట యిచట గనబడుచున్నది. ఆంగ్లమునను ఇట్టిది లేకపోలేదు. రాజును సంబోధించుచు ‘యువర్ మెజెస్టీ’ యన్నపుడు క్రియ ‘ఈజ్’ అనియే యుండును గాని ‘ఆర్’ అని యుండదు. ఎదుట నిలిచి పలుకుచున్నను, పలుకు మాత్రము అతని మహిమనుగూర్చి యన్యులతో జెప్పినట్లున్నది. తెనుగున విన్నపపత్రములయందు ‘ఏలినవారు’, ‘దేవరవారు’ అని వ్రాయుటయు నీ జాతిదే. ‘తమరు’ అనునదియు పుట్టుకచే ‘తాను’, ‘తాము’ అను శబ్దములకు జుట్టమే కాని ‘నీవు’నకు గాదు. మూడు భాషలును మన్ననకై యెదుటివానిని ఒక యడుగు దూరమున నిలిపినవి. డయొనీసియసు లక్షణముచే నీ ప్రయోగములు చిక్కుపడును. పాణిని లక్షణముచే చిక్కు లేదు.

యాస్కుడు నిరుక్తమునందు ఋక్కులను మూడు తెఱగులుగా విభజించినాడు. ప్రథమపురుషక్రియతో దేవతను దెలుపునవి పరోక్షకృతములు. ‘త్వమ్’ అను సర్వనామముతోను మధ్యమపురుషతోను గూడినవి ప్రత్యక్షకృతములు. ఉత్తమపురుషతో గూడినవి ఆధ్యాత్మికములు. మధ్యమపురుషకు ‘ప్రత్యక్ష’మను పేరు గలుగుట సార్థకము. కన్నులకు గనబడని దేవతయైనను ‘నీవు’ అన్నంతనే యెదుట నిలిచినట్లగును. ఈ మాట మదనపల్లె గీతమునకు మఱల గావలసివచ్చును.

ఇక నాంగ్లము. పూర్వాంగ్లమున ఏకవచనమునకు ‘దౌ’, బహువచనమునకు ‘యీ’ యను రూపములు మూలములై యుండెను. ఇద్దఱకు వేఱు ద్వివచనరూపమును గలదు. అది పదుమూడవ శతాబ్దినాటికి నశించినది. ‘దౌ’ సంస్కృతపు ‘త్వమ్’నకును, ‘యీ’, ‘యూ’లు ‘యూయమ్’నకును సజాతీయములని భాషాశాస్త్రజ్ఞులు నిరూపించినారు. అనగా త్వమ్, యువామ్, యూయమ్ అను మూడు వచనములును ఒకనాడు ఆంగ్లమునను నుండెనన్నమాట. ‘దౌ’ కర్తకును, ‘దీ’ కర్మకును, ‘దై’ షష్ఠికిని వాడబడినవి. అట్లే ‘యీ’ కర్తకు, ‘యూ’ కర్మకు. తరువాత ఫ్రెంచివారి మర్యాదనుబట్టి గొప్పవాని నొక్కని బహువచనముతో బిలుచు నాచారము వచ్చెను. క్రమముగా ‘యూ’ మన్ననకును, ‘దౌ’ చనవునకు లేదా చులకనకును గుఱుతులయ్యెను.

ఆ చులకన యెంత కఠినమైనదో 1603వ సంవత్సరమున వించెస్టరులో జరిగిన సర్ వాల్టరు రాలీ విచారణము తెలుపుచున్నది. రాజద్రోహము మోపబడిన రాలీని ప్రభుత్వ న్యాయవాదియైన ఎడ్వర్డు కోకు నిండుసభలో ‘దౌ’ యని పిలుచుటయే గాక, అట్లు పిలుచుచున్నానని చాటెను. ఒక సర్వనామమే తిట్టయ్యెను. అటుపిమ్మట నేబది యేండ్లకు క్వేకరులను మతస్థులు దీనికి విపరీతముగా నడచిరి. దేవుని యెదుట నందఱును సములు గనుక రాజునైనను సేవకునైనను ఒక్కని ‘దౌ’ యనియే పిలువవలెనని వారి నియమము. జార్జి ఫాక్సు మొదలగువారు 1660లో పలుభాషల యేకవచన బహువచనములను జూపుచు నీ నియమమునకై యొక గ్రంథమునే ప్రకటించిరి. అధికారులను ‘దౌ’ యన్నందులకు వారు దెబ్బలు దినిరి, చెఱసాలల పాలైరి. వ్యాకరణమున నేకవచనముకొఱకు శిక్షలనుభవించినవారు వీరికన్న వేఱొకరు అరుదు.

చివరకు ‘దౌ’ వాడుకనుండి తొలగెను. ‘యూ’ యొక్కటియే రెండు వచనములకును, రెండు విభక్తులకును, అన్ని మర్యాదలకును నిలిచెను. ఒక్కనితో ననునపుడు ‘యూ వాజ్’ అని పదునెనిమిదవ శతాబ్దిలో గొందఱు వాడిరి. 1762లో వ్యాకరణము వ్రాసిన రాబర్టు లౌతు దానిని దోషమని ఖండించెను. క్రియ బహువచనమందే స్థిరపడినది. నేడు ‘యువర్‌సెల్ఫ్’, ‘యువర్‌సెల్వ్జ్’ అను రూపములయందు మాత్రమే వచనభేదము మిగిలియున్నది. అమెరికా దక్షిణభాగమువారు లోటు దీర్చుకొనుటకు ‘యూ ఆల్’ అని క్రొత్త బహువచనము కల్పించుకొనిరి.

సంస్కృతమునను మన్ననకై బహువచనము లేకపోలేదు. గురువు విషయమున యుష్మచ్ఛబ్దమునకు బహువచనము కొందఱి మతమున గలదని వార్తికము. ఒక్క గురువునే ‘యూయమ్’ అనవచ్చునని దాని ఫలితము. కాని యచట నది వికల్పము. ఆంగ్లమున నది నిత్యమై యేకవచనమును మ్రింగినది.

‘దౌ’ శబ్దమును గూర్చి విద్యార్థులకు మఱియొక భ్రాంతి గలదు. 1611వ సంవత్సరపు ఆంగ్ల బైబిలున దేవుని ‘దౌ’ యని పిలిచియుండుటచే నది గౌరవవాచకమని తలంతురు. ఆ గ్రంథమున ‘దౌ’ కేవల మేకవచనము. దేవునికిని, దొంగకును, బిడ్డకును ఒక్కటే. లోకవాడుకలో నది నశించి, ప్రార్థనలయందును పద్యములయందును మాత్రమే నిలుచుటచే గాంభీర్యము దానికి దరువాత నబ్బినది. రాలీని తిట్టిన పదమే పూజాపదమైన విధమిది.

ఇపుడు మదనపల్లె. అనీబిసెంటమ్మ 1915లో స్థాపించిన దివ్యజ్ఞాన కళాశాలకు ఐర్లండు దేశీయుడగు జేమ్సు కజిన్సు అధ్యక్షుడుగా నుండగా, 1919వ సంవత్సరము ఫిబ్రవరి నెలాఖరున రవీంద్రనాథ ఠాకూరు అచట గొన్నిదినములు విడిసెను. ‘జనగణమన’ గీతమును అతడచట పాడగా విని యానందించిన వారికై యాంగ్లమున దానిని ‘ది మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా’ యను పేర దానే పరివర్తించెను. పాశ్చాత్యసంగీతము నెఱిగిన మార్గరెట్ కజిన్సు దానికి స్వరలేఖనము చేసెను.

మూలమున మొదటి చరణమును వ్యాకరణదృష్టితో బరిశీలించినచో ఒక విశేషము కనబడును. అందు ‘నీవు’ అను కర్తృపదము లేదు. ‘అసి’ వంటి మధ్యమపురుషక్రియయు లేదు. పొగడబడువాడు సంబోధనముచే బిలువబడుచున్నాడు. ‘తవ’ యను షష్ఠీరూపము మాటిమాటికి వచ్చుచున్నది. మేల్కొనునవి, ఆశీస్సు వేడునవి, పాడునవి దేశములు గనుక ఆ క్రియలు ప్రథమపురుషలు. అయినను గీతము యాస్కుని మతమున ప్రత్యక్షకృతమే. ఆంగ్లమున నీ నిర్మాణము నిలువదు. సమాసరూపమగు సంబోధనము అచట వాక్యము గాజాలదు. అందుచే కవి ‘దౌ’ యని కర్తను, ‘ఆర్ట్’ అని క్రియను బైకి దెచ్చి, సంబోధనమును విధేయముగా మార్చెను. ఆ గుణమును తెనుగున విధేయముగా జెప్పినచో ‘నీవధినాయకుడవు’ అనవలెను. ఇచట మధ్యమపురుష చిహ్నమగు ‘వు’ నామమునకే తగులుకొనుచున్నది. మూలము పిలుపు, ఆంగ్లము వాక్యము, తెనుగు నామమునందే పురుష. ఒక్క భావము మూడు భాషలలో మూడు మార్గములంబడినది.

1919నాటికి ‘దౌ’ నిత్యవ్యవహారమున లేదు. ‘యూ’ యని వ్రాసినచో పిలువబడువాడు ఒక్కడో పలువురో తెలియదు, గాంభీర్యమును గలుగదు. వంగభాషలో ‘తుయి’, ‘తుమి’, ‘ఆపని’ యని మూడు మెట్లున్నవి; ‘తవ’ యనునది కావ్యభాషయందలి సంస్కృతరూపము. అట్టిదానికి సరియైన ఆంగ్లము ‘దౌ’, ‘దై’ యనునవే. గీతాంజలి యనువాదమునను కవి యీ మార్గమునే ద్రొక్కియుండెను.

ఈ గీతమున మధ్యమపురుష యెవ్వరనునది పెద్ద వివాదమైనది. 1911వ సంవత్సరము డిసెంబరు 27వ తేదీన కలకత్తా కాంగ్రెసు సభయందు ఇది మొదట పాడబడెను. అప్పుడు చక్రవర్తి జార్జి హిందూదేశమున నుండుటచేతను, ఆ సభయందే చక్రవర్తిని గొనియాడు వేఱొక హిందీగీతము పాడబడుటచేతను, కొన్ని యాంగ్లపత్రికలు రెంటిని గలిపి యిది చక్రవర్తి స్తుతియని వ్రాసెను. 1937లో నొకరికి వ్రాసిన లేఖయందు కవి దీనిని గట్టిగా నిరాకరించి, భారతభాగ్యవిధాత యుగయుగముల మానవుని నడుపు నిత్యసారథియేగాని యే జార్జియు గాడని చెప్పెను. 1950వ సంవత్సరము జనవరి 24వ తేదీన రాజ్యాంగసభ దీని మొదటి చరణమును జాతీయగీతముగా నంగీకరించెను.

వ్యాకరణము ఈ వివాదమున జెప్పగలిగినది కొంత, చెప్పజాలనిది కొంత. సర్వనామమునకు దనంతట నామము లేదు. ‘నీవు’ అనునది సందర్భమునుబట్టి యెవనినైనను జెప్పును. పాడిన సభ, విన్న వార్తాహరుడు, నాటి సందడి, ఇవి ‘తవ’ యను శబ్దమున కొక యర్థము కల్పింపగలిగినవి. ఇది మధ్యమపురుషకు స్వభావసిద్ధమైన బలహీనత. కాని యుష్మదస్మచ్ఛబ్దములు లింగరహితములనుటయు వ్యాకరణసిద్ధమే. గీతమున దరువాతి చరణములలో నా ‘నీవు’ ఒకచోట సారథిగాను, మఱియొకచోట స్నేహమయియగు తల్లిగాను బిలువబడెను. సర్వనామము స్త్రీపుంభేదము లేనిదగుటచేతనే యిది పొసగినది. సింహాసనముపై నున్న యొక పురుషుని సారథియు దల్లియు నని యొక్క గీతమున బిలుచుట పొసగదు. కవివాక్యమునకు వ్యాకరణమిచ్చు సాక్ష్యమింతమాత్రము.

కుప్పమున మఱియొక తీరు చూడదగును. ఈ యూరికి ఒకవైపు కన్నడదేశము, మఱియొకవైపు అరవదేశము. బెంగుళూరునకు మదరాసునకు నడుమ బోవు రైలుమార్గము దీనిమీదుగానే పోవును. ద్రావిడభాషల యధ్యయనమునకై 1997లో స్థాపింపబడిన ద్రావిడ విశ్వవిద్యాలయము ఇచటనే యున్నది. 1856లో కాల్డ్వెల్ పండితుడు ఈ భాషల మధ్యమపురుష సర్వనామములను సరిపోల్చి, ‘నీ’ యనునది వాని కన్నింటికిని సాధారణమని చూపినాడు. అరవమున ‘నీ’, కన్నడమున ‘నీను’, తెనుగున ‘నీవు’ ఏకవచనములు. ప్రాచీన తెనుగున ‘ఈవు’ అనియు గలదు.

బహువచనమున జిక్కు గలుగుచున్నది. హళగన్నడమున ‘నీమ్’ అను బహువచనము నేటి కన్నడమున ‘నీవు’ అయినది. కావున కన్నడిగుడు పెద్దవానిని ‘నీవు’ అన్నచో నది సంపూర్ణమైన మన్నన. అదే ధ్వని తెనుగువాని చెవికి ఏకవచనము. తెనుగు మాత్రమే యెఱిగిన వృద్ధుని కన్నడ యువకుడు సగౌరవముగా ‘నీవు’ అన్నచో, వృద్ధునకు నొచ్చుట వింత గాదు. అట్లే తెనుగువాడు చనవుతో బాలుని ‘నీవు’ అన్నచో, కన్నడమెఱిగినవానికి అది యతివినయముగా దోచును. దోషము పలికినవానియందును లేదు, విన్నవానియందును లేదు. రెండు వేఱు శబ్దములు ధ్వనిచే నొక్కటిగా వినబడుటయే కారణము.

ఈ సంశయమును దీర్చునది క్రియ. కన్నడిగుడు ‘నీవు బందిరి’ యనును. తెనుగువాడు ‘నీవు వచ్చితివి’ యనును. కన్నడపు ‘రి’ని తెనుగు ‘మీరు వచ్చితిరి’ యందలి ‘రి’తోడను, అరవపు ‘నీర్ వందీర్’ అందలి రేఫముతోడను సరిచూచినచో నది బహువచనమని తేటపడును. తెనుగున మధ్యమపురుష ప్రత్యయములు ‘వు’, ‘రు’ లనియు, ఇకారముమీద నవి ‘వి’, ‘రి’ యగుననియు బాలవ్యాకరణము చదివిన బాలుడును ఎఱుగును. సర్వనామము మోసపుచ్చినచోట ప్రత్యయము నిజము చెప్పుచున్నది. పాణిని సర్వనామము పలుకబడకున్నను మధ్యమపురుష గలదనుటకు గల బలమిదియే. ఆంగ్లక్రియకు నేడీ శక్తి లేదు. ‘దౌ కమెస్ట్’ అన్న కాలమున నుండెను. ‘యూ కమ్’ అనునపుడు లేదు. అందుచేతనే యాంగ్లమున సర్వనామమును దప్పక పలుకవలసివచ్చుచున్నది. ఒక్క విధ్యర్థమున మాత్రము ‘కమ్’ అని క్రియయొక్కటియే చాలును; అచట ‘యూ’ అధ్యాహారమని వారి వ్యాకరణములును జెప్పును.

అరవము మఱియొక పాఠము నేర్పుచున్నది. ‘నీర్’ అనునది మొదట బహువచనము. మన్ననకై యొక్కనియందు వాడగా వాడగా దాని మన్నన తఱిగి, బహువచనముమీద బహువచనము చేర్చి ‘నీంగళ్’ అనవలసివచ్చెను. తెనుగున ‘మీరు’ మీద ‘మీరలు’ వచ్చుటయు, ఆంగ్లమున ‘యూ’ మీద ‘యూ ఆల్’ వచ్చుటయు నిట్టివే.

తెనుగునకును అరవమునకును గల మఱియొక సంపద ‘మనము’. ‘మేము’ అన్నపుడు ఎదుటివాడు బయట నుండును. ‘మనము’ అన్నపుడు లోపలికి వచ్చును. అరవమున ‘నాంగళ్’, ‘నామ్’ అను భేదమిదియే. నేటి కన్నడమున ‘నావు’ ఒక్కటియే. ఆంగ్లమున ‘వుయ్’ ఒక్కటియే. కావున ఆంగ్లవాక్యమున ‘వుయ్’ వచ్చినపుడెల్ల అందు మధ్యమపురుష కలిసినదా లేదా యని విచారించి తెనిగింపవలయును.

పాఠశాలలయందు దీనిని బోధించు పండితులు ‘యూ’ శబ్దము గనబడగానే ‘నీవు’ అని గాని ‘మీరు’ అని గాని వ్రాయింపక, మూడు ప్రశ్నలు విద్యార్థిచే వేయింపవలయును. సంబోధింపబడువాడు ఒక్కడా, పలువురా? వానికిని పలుకువానికిని గల సంబంధమెట్టిది? అసలు అచట నెదుటివాడు గలడా? ఈ మూడవ ప్రశ్న ముఖ్యము. లోకసామాన్యమగు ధర్మమును జెప్పునపుడు ఆంగ్లేయులు ‘యూ’ యనుదురు. అచట మధ్యమపురుష యర్థము లేదు. దానిని ‘మీరు’ అని తెనిగించినచో నెవరినో వేలు చూపినట్లగును. ‘ఎవడైనను’ అనియో, ‘మనము’ అనియో, కర్తలేకయో చెప్పుట తెనుగుతీరు.

పరోక్తియందును జాగరూకత వలయును. అన్యుని మాటను దిరుగ జెప్పునపుడు ఆంగ్లమున ‘యూ’ సందర్భానుసారముగా ‘ఐ’ యగును, ‘హీ’ యగును. తెనుగున ‘అని’ శబ్దముండుటచే ‘నీవు రావలెనని యతడు నాతో జెప్పెను’ అని మూలమాటను మార్పక నిలుపవచ్చును. ఆంగ్లపు మార్పును దెనుగునకు దెచ్చుటయు, తెనుగు నిలుకడను ఆంగ్లమునకు దెచ్చుటయు రెండును దోషములే.

ఇట్లు మధ్యమపురుష మూడక్షరముల ప్రత్యయమో, ఒక సర్వనామమో యని తేలికగా దలంపరానిది. రాలీ సభయందు దానిచే నవమానము గలిగెను. క్వేకరులకు దానిచే జెఱ గలిగెను. మదనపల్లెలో నాంగ్లమైన గీతమునకు దానిచేతనే వివాదము గలిగెను. కుప్పమునందు దానిచే నేటికిని నొప్పి గలుగుటకు వీలున్నది. ఆంగ్లము భేదములను వదలుకొని యొక్క ‘యూ’ను నిలుపుకొన్నది, తెనుగు భేదములను నిలుపుకొన్నది. ఆంగ్లమునుండి తెనిగించువాడు మూలమున లేని నిర్ణయమును దాను చేయవలసియున్నాడు గనుక, ఎదుటివాడెవ్వడో తెలిసికొనక మధ్యమపురుషను బ్రయోగింపరాదు.